తాడు వదలినా పడవ ఆగదు

కృష్ణా డెల్టాలోని కాలవలు పొలాలు తడపటానికే తవ్వినవని మీరు అనుకుంటున్నారేమో! బస్సులూ, లారీలూ రాకముందు అవే రహదారులు. విజయవాడ నుంచి ఏలూరు కాలవ పట్టుకుని పోతే గోదావరి కాలవలు అందుకోవచ్చు. ఇటు కొమ్మమూరు కాలవ మీదుగా బకింగ్‌హాం కాలవలో ప్రవేశిస్తే మద్రాసు దాకా పోవచ్చు. ధాన్యం బస్తాలూ, ఉప్పూ, కలపా, అన్నీ పడవల మీదనే వెళ్ళేవి. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే మనుషులే గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు.

ఆ రవాణా ఆగిపోయి చాలాకాలమయింది. కాని ఆ పడవ నేర్పే పాఠం ఈనాటి రైలుకూ, బస్సుకూ, మీ సైకిలుకూ కూడా వర్తిస్తుంది. అది బాగా తెలిస్తే పరీక్షలో మార్కులు రావటమే గాదు, ఒక్కొక్కప్పుడు ప్రాణం కూడా దక్కుతుంది.

నిండు పడవను కదిలించటం మాటలు కాదు. లాగేవాళ్ళు ముందుకు వంగి, కాళ్ళు నేలకు తన్నిపెట్టి, బలమంతా ఉపయోగిస్తేగాని అది జరగదు. కాని ఒకసారి కదిలిందా, ఆ తరవాత అంత శ్రమ ఉండదు. రేవు ఇంకా కొంత దూరంలో ఉండగానే తాడు వదిలెయ్యాలి. తాడు వదలినా పడవ ఆగదు; తనంతట తానే పోతుంది. చివరిదాకా లాగుతూనే ఉంటే అది పోయి గట్టుకు కొట్టుకుంటుంది.

తాడు వదిలిన తరవాత పడవను లాగుతున్నది ఎవరు?

ఎవరూ కాదు. అసలు లాగవలసిన అవసరమే లేదు. వస్తువు కదులుతూ ఉండాలంటే దాన్ని ఎవరో ఒకరు తోస్తూనే ఉండాలని పూర్వం గ్రీకు పండితుడు అరిస్టాటిల్ అన్నాడు. చూడబోతే అది నిజమే అనిపిస్తుంది. ఎద్దులు ఆగితే బండి ఆగుతుంది గదా! అందుచేత దాదాపు రెండు వేల ఏళ్ళపాటు ఎందరో ఆ మాటనే నమ్మారు.

ఇటలీ దేశపు గెలీలియో (1564-1642) దీన్ని పరీక్ష చేసి చూశాడు. మీరూ చూడవచ్చు. ఒక పలకను ఏటవాలుగా పెట్టి, దాని మీది నుంచి గోళీని వదలండి. కింద ఇసక ఉంటే గోళీ జానెడు దూరం కూడా పోదు. గచ్చు ఉంటే గది అవతలిదాకా పోతుంది. నున్నని చలవరాయి ఉంటే ఇంకా దూరం పోతుంది. ప్రతిసారీ గోళీ ఒకే ఎత్తు నుంచి బయలుదేరింది. మారినది కింది నేల మాత్రమే. అంటే, గోళీ తోసేవాళ్ళు లేక ఆగటం లేదు, నేల దాన్ని పట్టి ఆపుతున్నది. ఈ ఆపే బలం పేరు ఘర్షణ. ఘర్షణ అనేదే లేకపోతే గోళీ ఎన్నటికీ ఆగదు.

ఈ సంగతినే న్యూటన్ 1687లో ఒక సూత్రంగా చెప్పాడు. ఆగి ఉన్న వస్తువు ఆగే ఉంటుంది; కదిలే వస్తువు అదే వేగంతో, అదే దిక్కుగా కదులుతూనే ఉంటుంది. బయటి బలం ఏదైనా వచ్చి పడితేనే ఈ స్థితి మారుతుంది. వస్తువులకుండే ఈ స్వభావాన్ని జడత్వం అంటారు. మరొక విధంగా చెప్పాలంటే, కదలటానికి బలం అక్కరలేదు. కదలికను మార్చటానికే బలం కావాలి. బండికి ఎద్దులు నిత్యం కావలసి రావటానికి కారణం రోడ్డు ఘర్షణే. నీటిలో, అందులోనూ నెమ్మదిగా పోయే పడవకు, ఆ అడ్డు చాలా తక్కువ. కొద్దిమంది మనుషులు అన్ని బస్తాలను లాగగలిగింది అందుకే.

వేగం మారకపోతే మనకు కదులుతున్నట్టే తెలియదు. విజయవాడ స్టేషనులో మీ రైలు ఆగి ఉన్నప్పుడు పక్క రైలు బయలుదేరితే, మీ రైలే కదిలినట్టు భ్రమ కలుగుతుంది. సాగే పడవలో కూర్చున్నవాడికి గట్టు మీది చెట్లు వెనక్కు పోతున్నట్టు కనిపిస్తాయి. నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపించటం కూడా ఇలాటిదేనని ఆర్యభటుడు 499లోనే చెప్పాడు. భూమి సూర్యుడి చుట్టూ సెకండుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో మనను మోసుకుపోతున్నది. మనకు ఒక్క కుదుపు కూడా తెలియదు!

ఇక కదిలేదాన్ని ఆపటం ఎంత కష్టమో చూద్దాం. ఇందులో లెక్కకు వచ్చేవి రెండు: వస్తువు ద్రవ్యరాశి, దాని వేగం. ఈ రెంటినీ గుణిస్తే వచ్చేది ద్రవ్యవేగం. క్రికెట్ బంతి బరువు తక్కువే, అయినా వేగంగా వస్తే చెయ్యి వాచిపోతుంది. పెద్ద పడవ నెమ్మదిగా వచ్చినా సరే, దానికీ గట్టుకూ మధ్య చెయ్యి పెట్టకూడదు.

దీనికి నిదర్శనం విజయవాడలోనే దొరికింది. 1855లో పూర్తి అయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోగా, దానికి బదులు కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తి అయింది. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు పెద్ద వరద వచ్చి, 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ఈ బ్యారేజి మీదుగా పోయింది. అంటే సెకండుకు 31 వేల టన్నులకు పైగా నీరన్నమాట! ఆ వరదలో కొన్ని బరువైన పడవలు కట్లు తెంచుకుని కొట్టుకువచ్చి బ్యారేజిని ఢీకొన్నాయి. గేట్లను తేలికగా ఎత్తటానికి తూకంగా ఉండే పెద్ద కాంక్రీటు దిమ్మెలు కొన్ని ఆ దెబ్బకు పాడయ్యాయి. ఆ పడవలకు ఇంజను నడవటం లేదు, చుక్కాని పట్టినవాడు లేడు. వాటి బరువూ, వరద ఇచ్చిన వేగమూ, ఈ రెండే చాలాయి.

బస్సు సంగతి కూడా ఇంతే. ఏలూరు రోడ్డు మీద ఒక బస్సు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వస్తున్నదనుకోండి. అంటే సెకండుకు 10 మీటర్లు. మీరు హఠాత్తుగా అడ్డం పరిగెత్తారు. డ్రైవరు మిమ్మల్ని చూసి బ్రేకు తొక్కేలోపల ఒక సెకండు గడిచిందంటే, బస్సు అప్పుడే 10 మీటర్లు వచ్చేసింది. బ్రేకు పడిన తరవాత కూడా అది మంచి రోడ్డు మీద మరొక 10 మీటర్లు పోయిగాని ఆగదు. వేగం రెట్టింపయితే ఈ రెండో దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది! అప్పుడు మొత్తం 60 మీటర్లు కావాలి. వాన కురిసి రోడ్డు తడిగా ఉంటే ఘర్షణ తగ్గి, ఇంకా ఎక్కువ కావాలి. డ్రైవరు ఎంత మంచివాడైనా జడత్వాన్ని బతిమాలి ఆపలేడు.

బస్సు ఆగకముందే దిగేవాళ్ళకు జరిగేది కూడా ఇదే. కాళ్ళు నేలకు తగిలి ఆగిపోతాయి. శరీరం మాత్రం బస్సు వేగంతోనే ముందుకు పోతుంది. అందుకే బోర్లా పడతారు. కారు బెల్టు చేసే పని కూడా ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. బ్రేకు కారును ఆపుతుంది, బెల్టు మనిషిని ఆపుతుంది.

కనక బస్సు పూర్తిగా ఆగిన తరవాతనే దిగండి. రోడ్డు దాటేముందు, "ఈ బండి నా దగ్గిరికి వచ్చేలోపల ఆగగలదా?" అని ప్రశ్నించుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు తొందరపడుతుంటే వారికి కూడా పడవ కథ చెప్పండి. రేవు రాకముందే తాడు వదిలిన ఆ పడవవాళ్ళలో చాలామంది న్యూటన్ పేరు విని ఉండరు. అయినా ఆయన సూత్రం వాళ్ళకు చేతులారా తెలుసు!