కంటిలో గొంగళి నూగు

మైత్రీవనం పరిసరములందు పెరటిలో మునగచెట్టు గల పాఠకులారా! వానాకాలమున మునగ మ్రానుపై గొంగళి పురుగులు గుంపులుగా చేరును. వానిని చీపురుతో దులిపిన నూగు ఎగిరి కంటిలో పడవచ్చును. ఆ వెండ్రుకలకు సన్నని ముండ్లుండుటచే అవి ముందుకు సాగునే గాని వెనుకకు రావు. నలిపినకొలది లోనికి దిగును. కొన్ని నల్లగ్రుడ్డును దాటి లోపలి పొరలకు చేరి చూపును చెరచును. 1904లో సేమిష్ దీనిని ఆఫ్తాల్మియా నోడోసా అనెను.

కావున కన్ను నలుపరాదు. శుభ్రమైన నీటితో ధారగా కడిగి, ఆ దినముననే మెహదీపట్నములోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి వెళ్ళవలెను. వైద్యుడు పైరెప్పను తిరగవేసి, స్లిట్ ల్యాంపుతో చూచి వెండ్రుకలను తీయును. స్టెరాయిడు చుక్కలు వైద్యుడు చెప్పనిదే వేయరాదు. నొప్పి తగ్గినను మరల చూపించుకొనుడు. మిగిలిన వెండ్రుక నెలల తరువాత కూడ లోనికి పోవచ్చును. పురుగులను తీయునపుడు కండ్లద్దములు మరువకుడు.