వంటల పుస్తకము అచ్చు వేయించుట



మా అత్తగారికి 78 ఏండ్లు. చూపు మందగించినది. ఆమె చేతి వంటలు ఆమెతోనే పోరాదని తలంచి, రెండేండ్లు ఆమె ప్రక్కన కూర్చుండి 120 వంటకములు వ్రాసికొంటిమి. వ్రాయుట ఒక యెత్తు, దానిని పుస్తకముగా వెలువరించుట ఒక యెత్తు. ఆ దారిలో మేము పొరపడి నేర్చికొనిన సంగతులు, మొదటి పుస్తకము తలపెట్టిన సోదరీమణులకు పనికివచ్చునని యిట విన్నవించుచున్నాము.

వ్రాతప్రతిని మొదట మా చెల్లెలి చేతికిచ్చి పులిహోర చేయుమంటిమి. "ఉప్పు తగినంత అని వ్రాసినావు. ఎవరికి తగినంత, అక్కా?" అని యామె యడిగినది. మాకు బదులు తోచలేదు. అత్తగారు పిడికిటితోను, చిటికెతోను కొలుతురు. నాటినుండి ఆమె తీసిన ప్రతి పిడికెడును గిన్నెలో వేయకమునుపే పళ్లెమున పోయించి తూచితిమి. పిడికెడు కందిపప్పు 50 గ్రాములైనది. తరువాత ప్రతి వంటకమును, అది యెన్నడును వండనివారిచేత వండించి, వారు తడబడినచోట మా వాక్యమును దిద్దితిమి. ఈ పని ముగియకుండ ప్రకాశకుల కడకు పోరాదు.

"వంటల పుస్తకములు అంగళ్లనిండ నున్నవి, మీదానిలోని విశేషమేమి?" అనునదే ప్రకాశకుల మొదటి ప్రశ్న. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యతిథిసత్కారమును చెప్పుచు, ఋతువునుబట్టి భోజ్యములను మార్చి వర్ణించెను. అత్తగారి వంటయు అట్టిదే. కావున అకారాదిగా పేర్చినదానిని విడదీసి, ఋతుక్రమమున కూర్చితిమి. వ్రాతప్రతి నంతయు పంపనక్కరలేదు. పుస్తక మెవరికొరకో తెలుపు జాబు, విషయసూచిక, మచ్చునకు మూడు వంటకములు చాలును.

ఒక ప్రకాశకుడు ఒప్పుకొనెను. ఒడంబడిక పత్రమును చూచి పొంగిపోయి, సంతకమునకు కలమెత్తితిమి. మావారు బడినుండి వచ్చి దానిని రెండుమార్లు చదివి, "అచ్చు ఖర్చు మనది, హక్కులన్నియు వారివి. ఇదేమి బేరము?" అనిరి. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము ప్రకారము రచనపై హక్కు రచయిత్రి జీవితకాలమును, ఆపై 60 ఏండ్లును ఉండును. ఆ హక్కును ఒరులకిచ్చుట వ్రాతమూలకముగా జరుగవలెను. ఏ హక్కు, ఎంతకాలము, ఏ ప్రాంతమున, ప్రతిఫలమెంత అనునవి పత్రమున నుండవలెను. కాలము చెప్పనిచో 5 ఏండ్లుగా ఎంచబడును. దినుసుల పట్టిక ఎవరి సొత్తును కాదు. వండు విధమును వివరించిన మాటలు మాత్రము వ్రాసినవారివి. కనుక మన మాటలను కాపాడుకొనవలెను, పరుల మాటలను ఎత్తివ్రాయరాదు.

ఆ పత్రమును త్రిప్పిపంపి, సొంతముగా 300 ప్రతులు వేయించితిమి. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. 1931లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున ఇర్మా రాంబౌర్ అను వితంతువు తన సొమ్ముతో 3,000 ప్రతులు వేయించిన 'జాయ్ ఆఫ్ కుకింగ్'ను, 1936లో పెద్ద ప్రకాశకులు చేపట్టిరి. మద్రాసున ఎస్. మీనాక్షి అమ్మాళ్ గారు తమ అరవ వంటల పుస్తకము 'సమైత్తుప్ పార్'ను 1951లో తామే వెలువరించిరి.

పుస్తకమునకు వేయు ఐఎస్‌బిఎన్ సంఖ్యను ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ రుసుము లేకుండ ఇచ్చును. 1954 నాటి చట్టము ననుసరించి, పుస్తకము వెలువడిన 30 దినములలో కోల్‌కతా జాతీయ గ్రంథాలయమునకును, చట్టము చెప్పిన తక్కిన గ్రంథాలయములకును ఒక్కొక్క ప్రతిని వేయించినవారే పంపవలెను. అచ్చునకు పోకమునుపు ప్రూఫులను అంకెలకొరకే మరియొకమారు చదువుడు. మా ప్రూఫులో 1 చెంచా ఉప్పు 11 చెంచాలై కూర్చున్నది!

పుస్తకము చేతికందిన దినమున మా చెల్లెలు దానిని ముందుంచుకొని, ఎవరిని అడుగక పులిహోర కలిపినది. అత్తగారు నోటవేసికొని, "అమ్మాయీ, ఇంగువ కొంచెము తగ్గినది" అనిరి. వెదకి చూడగా కొలత తక్కువ వ్రాసిన తప్పు మాదే. రెండవ కూర్పున దిద్దుటకు గురుతు పెట్టుకొంటిమి.

మీ యిండ్లలోను ఇట్టి చేతులున్నవి. పుస్తకము సంగతి తరువాత. నేడే ఒక పిడికెడు తూచుడు.