స్పీడ్‌గన్ చరిత్ర

హైదరాబాదు మహానగరమును 158 కిలోమీటర్ల మేర చుట్టివచ్చు నెహ్రూ ఔటర్ రింగ్ రోడ్డు, పెద్ద అంబర్‌పేటయొద్ద విజయవాడ రహదారిని దాటి, కోహెడ పరిసరముల మీదుగా బొంగ్లూరువైపు సాగునప్పుడు, ఎనిమిది వరుసల వెడల్పుతో, చౌరస్తాయు సిగ్నలును లేక, బండి నడుపువానిని ఇంకను వేగిరపడుమని పిలుచుచున్నట్లే యుండును. అట్టి రోడ్డు ప్రక్కన స్టాండుపై నిలిపిన చిన్న యంత్రమును, దాని వెనుకనున్న ట్రాఫిక్ కానిస్టేబులును దూరమునుండి కనిపెట్టినంతనే, వరుసగా పోవు కార్ల బ్రేకు దీపములన్నియు ఒక్కసారిగా ఎఱ్ఱగా వెలుగును. అర కిలోమీటరు దాటగనే ఆరిపోవును. వేగము మరల యథాస్థితికి వచ్చును. స్పీడ్‌గన్ అను ఈ యంత్రమును చలానాలు పుట్టించు పెట్టెగా మాత్రమే ఎఱిగినవారికి, దాని వంశమెట్టిదో, న్యాయస్థానమున అది యొకప్పుడు పొందిన పరాభవమెట్టిదో తెలియదు.

యంత్రము పుట్టకపూర్వము వేగమునకు సాక్షి మనుష్యుని కన్నే. 1896 జనవరిలో ఇంగ్లండునందలి కెంట్ సీమలో, గంటకు రెండు మైళ్లు మించరాదన్న ఊరిలో ఎనిమిది మైళ్ల వేగముతో మోటారు నడిపిన వాల్టర్ ఆర్నాల్డ్‌ను ఒక కానిస్టేబులు సైకిలు త్రొక్కి వెంటాడి పట్టుకొనగా, న్యాయాధిపతి ఒక షిల్లింగు జరిమానా విధించెను. పిమ్మట స్టాపువాచీలు వచ్చినవి. కొలిచి గుర్తుపెట్టిన దూరమును బండి ఎన్ని సెకన్లలో దాటినదో చూచి పోలీసులు వేగము కట్టెడివారు. మీట నొక్కు వ్రేలు తడబడినచో లెక్కయు తప్పెడిది.

ఈ తడబాటు తీరుటకు మార్గము చూపినది పోలీసుశాఖ కాదు, నక్షత్రశాస్త్రము. 1842లో ప్రాగ్ నగరమున క్రిస్టియన్ డాప్లర్ అను ఆచార్యుడు జంట నక్షత్రముల రంగులనుగూర్చి చదివిన ప్రబంధములో, తరంగములను వెలువరించు వస్తువు మనకు చేరువగుచున్నచో అవి దట్టమై, దూరమగుచున్నచో పలుచనై మనల చేరునని ప్రతిపాదించెను. చిన్న స్టేషనులో ఆగక దూసికొనిపోవు ఎక్స్‌ప్రెస్సు కూత, బండి మనలను దాటగనే ఏల మందగించునో దీనివలన తేటపడును. నక్షత్రముల రంగులకు ఆయన చెప్పిన కారణము నిలువలేదుగాని సూత్రము నిలిచినది; 1845లో హాలెండునందు బైస్ బాలట్ అను శాస్త్రజ్ఞుడు రైలుబండిపై బాకా వాయించువారిని ఎక్కించి, స్వరజ్ఞానము గలవారిని పట్టాల ప్రక్క నిలిపి, దానిని చెవులతోనే పరీక్షించి చూపెను.

ఆ సూత్రము రోడ్డుమీదికి వచ్చుటకు ఇంకొక నూరేండ్లు పట్టినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున సైన్యమునకై రాడారు పనిచేయుచుండిన జాన్ బార్కర్, బెన్ మిడ్‌లాక్ అను ఇరువురు, ఖాళీ కాఫీ డబ్బాలను అతికి తొలి పరికరమును కూర్చిరి. 1947లో గ్లాస్టన్‌బరీ అను ఊరి దారిపై దానిని పరీక్షించిరి. 1949 ఫిబ్రవరినుండి ఆ రాష్ట్ర పోలీసులు దాని సాక్ష్యముతోనే జరిమానాలు విధింపసాగిరి. నేటి రాడారు గన్నులలో అనేకములు సెకనుకు 2,415 కోట్ల కంపనములుగల సూక్ష్మతరంగములను పంపును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున ఎదురువచ్చు కారునుండి తిరిగివచ్చిన తరంగమునకును పంపినదానికిని భేదము సుమారు 4,470 కంపనములు మాత్రమే. అన్ని కోట్లలో ఇంత స్వల్ప భేదమును పట్టుటెట్లనగా, రెండు తరంగములను కలిపినచో వాని భేదమే వేరొక తరంగముగా పైకి తేలును. అది మన చెవికి వినబడదగిన శ్రుతిలోనే యుండును.

ఇదే కాలమున హాలెండులో మారిస్ గాట్సోనిడిస్ అను కార్ల పందెగాడు, మలుపులలో తన వేగమును తాను తెలిసికొని దానినింకను పెంచుకొనుటకై ఒక సాధనమును కల్పించెను. రోడ్డుకు అడ్డముగా పరచిన రెండు రబ్బరు గొట్టములను చక్రము త్రొక్కినపుడు, వాని నడుమ గడచిన కాలము లెక్కకు వచ్చును. ఆయన 1953లో మాంటీకార్లో ర్యాలీని గెలిచెను. 1958లో స్థాపించిన కంపెనీ అటుపిమ్మట దేశదేశముల పోలీసులకు వేగపు కెమెరాలను అమ్మినది. పందెము గెలుచుటకు పుట్టిన పనిముట్టే పందెములను పట్టుటకు ఉపకరించినదన్నమాట.

ఆ పందెములలో మిక్కిలి పేరుమోసినది అమెరికాలో బ్రాక్ యేట్స్ అను మోటారు పత్రికారచయిత నడిపిన కానన్‌బాల్. 1971 నవంబరులో ఆయనయు, రేసు వీరుడు డాన్ గర్నీయు ఫెరారీ కారులో న్యూయార్కునుండి పడమటి సముద్రతీరమునకు 35 గంటల 54 నిమిషములలో చేరిరి. 1974నుండి అమెరికా అంతటను గంటకు 55 మైళ్ల హద్దు అమలులోనికి రాగా, రాడారును ముందుగనే పసిగట్టు పెట్టెలు విరివిగా అమ్ముడయినవి. తప్పించుకొనుటయే యొక విద్యగా పెరిగినది. ఆ సాహసమును కథలుగా, సినిమాలుగా మెచ్చుకొనినవారు కలరు. నేను మెచ్చుకొనజాలను. ఆ రోడ్డుమీద అదే గంటలో బిడ్డలతో పోవుచుండిన కుటుంబములను ఆ పందెమునకు సమ్మతింతురాయని అడిగినవారెవరు?

అయినను యంత్రము చెప్పినదెల్ల సత్యమని నమ్ముటయు తగదు. 1979లో అమెరికాలోని మయామీ నగరమున ఒక టెలివిజన్ వార్తాబృందము, కదలని తాటిజాతి చెట్టొకటి గంటకు 86 మైళ్ల వేగముతోను, ఒక ఇల్లు 28 మైళ్ల వేగముతోను పోవుచున్నట్లు రాడారు గన్ను చూపుటను లోకమునకు చూపెను. న్యాయాధిపతి ఆల్‌ఫ్రెడ్ నెస్‌బిట్ రాడారు సాక్ష్యమును త్రోసివేసెను. గన్నును చప్పున త్రిప్పుట, పోలీసుకారు లోపలి ఫాను, సమీపపు రేడియో, దూరమేగినకొలది విప్పారు కిరణము, ఇవన్నియు లెక్కను చెరుపగలవు. ఈ పరాభవమే యంత్రమునకు మేలుచేసినదని నా అభిప్రాయము. శ్రుతిదండమును గన్నుముందు మ్రోగించి, నిర్ణీతమైన వేగమునే చూపుచున్నదా యని పరీక్షింపవలెనన్న పట్టుదల పెరిగినది. వాడువారికి శిక్షణ ముఖ్యమని తేలినది.

తరువాతి తరముది లేజరు గన్ను. కంటికి కనబడని పరారుణ కాంతిని అది తునుకలు తునుకలుగా విడుచును. 300 మీటర్ల దూరపు కారును తాకి తిరిగివచ్చుటకు ఒక్కొక్క తునుకకు సెకనులో పదిలక్షవ వంతులు రెండు చాలును. కారు దగ్గరకు వచ్చుకొలది ఆ కాలము తగ్గుచుండును. సెకనులో మూడవవంతు గడవకముందే అట్టి కొలతలు వందలకొలది చేరి వేగము తేలును. రాడారు కిరణము పలు వరుసలను కప్పగా, ఇది అంత దూరమునను ఒక మీటరుకు మించి విప్పారదు గనుక, ప్రక్కబండి వేగము మనకంటగట్టబడు ప్రమాదము మిక్కిలి తగ్గినది. గన్నును రోడ్డు ప్రక్కనుండి 20 డిగ్రీల వాలున పట్టినచో 100 కిలోమీటర్ల వేగము 94గానే కనబడును. ఆ దోషము బండివానికే అనుకూలము.

ఔటర్‌పై 2023లో వేగపు పరిమితి 100నుండి 120 కిలోమీటర్లకు పెంచబడినది. ఈ 20 స్వల్పమని తోచును. కాని ఢీకొనునప్పటి శక్తి 44 శాతము పెరుగును, పొడి రోడ్డుపైనను బండి నిలుచుటకు ఇంచుమించు 30 మీటర్లు అదనముగా కావలెను. ద్విచక్రవాహనములకు అచ్చట ప్రవేశము లేదు. అయినను 2011 సెప్టెంబరులో మాజీ క్రికెట్ సారథి అజారుద్దీన్ కుమారుడు, పందొమ్మిదేండ్లవాడు, పుప్పాలగూడవద్ద ఈ రోడ్డుపైననే మోటారుసైకిలు ప్రమాదమునకు లోనై కన్నుమూసెను. మోటారు వాహనముల చట్టము 183వ సెక్షనులో అతివేగమును, 189లో అనుమతిలేని పందెమును వేరువేరుగా నేరములుగా పేర్కొన్నది. 2019 సవరణ తొలిసారి పందెమునకు మూడు నెలలవరకు ఖైదునైనను, 5,000 రూపాయలవరకు జరిమానానైనను, రెండింటినైనను నిర్ణయించినది. గన్ను కట్టగలది వేగమొక్కటే. ఇద్దరు పోటీపడుచున్నారో, ఒక్కడే తొందరపడుచున్నాడో నిర్ణయించుటకు ఇంకను మనుష్యుని కన్నే కావలెను.

2021నాటి కేంద్ర నియమములు ఈ పరికరములకు ఏటేట ధ్రువపత్రమును, కెమెరాలున్న చోటికి ముందుగా హెచ్చరిక బోర్డును, పదునైదు దినములలో నోటీసును విధించినవి; 2025 జులైనుండి వేగపు రాడారులు తూనికలు కొలతల శాఖవారి పరిశీలనకును ముద్రకును లోబడునట్లు నియమము వచ్చినది. ఇట్టి ముద్ర విలువ ఈ దారి ప్రక్కనున్న కోహెడకును తెలిసినదే: 2020 వేసవిలో గడ్డిఅన్నారమునుండి పండ్ల మార్కెట్టు కొన్నాళ్లు అచ్చటికి తరలివచ్చినది. అట్టి మార్కెట్టులో మామిడి తూచు కాటాపై ముద్ర లేనిచో రైతు నిలదీయును, నిలదీయుట న్యాయము. గన్ను విషయమున బండివానికి ఆ యవకాశము చిక్కవలెనన్నచో, యంత్రపు సంఖ్యయు, దానికి ముద్రపడిన తేదీయు ప్రతి చలానాలో కారు ఫొటో క్రిందనే అచ్చువేయవలెను.