ఆంగ్ల తుమర్థకము - తెలుగు అన్నంతము

ఆంగ్లక్రియలను బోధించునపుడు 'టు గో' అనగా 'వెళ్ళుటకు' అని అర్థము చెప్పుట మన పాఠశాలలలో పరిపాటి. ఈ అర్థము తప్పు కాదు, కాని చాలదు. దీని నొక్కదానినే నమ్మిన విద్యార్థి 'కెన్' తరువాతను, 'లెట్' తరువాతను 'టు' చేర్చి దోషము చేయును. ఈ చిక్కును విప్పుటకు తెలుగు వ్యాకరణమే తోడ్పడునని మా అభిప్రాయము.

సంస్కృతమున 'కర్తుమ్', 'గంతుమ్' మొదలగు రూపములందలి తుమున్ ప్రత్యయమును బట్టి తుమర్థకమను పేరు ఏర్పడినది. తెలుగున ఈ అర్థమున చేరునది 'అన్'. చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) క్రియాపరిచ్ఛేదమునందు దీనిని విధించెను. 'చేయన్', 'వెళ్ళన్' అనునవి అన్నంతములు. నేటి వ్యవహారమున ఇవి ఒంటరిగా నిలుచుట అరుదు. 'వెళ్ళగలడు', 'వెళ్ళలేడు', 'వెళ్ళకూడదు', 'వెళ్ళనిచ్చెను' అనునట్లు సహాయక్రియలను అంటియే కనబడును. 'వెళ్ళాలి' అనునది 'వెళ్ళవలె' అను దాని పరిణామమే.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు వాడుకలోని ఈ వాక్యములను చూడుడు.

1. రేపల్లె వెళ్ళటానికి తెనాలిలో రైలెక్కాడు.
2. బాపట్ల వెళ్ళటం సులభం.
3. నాకు బాపట్ల వెళ్ళాలని ఉంది.
4. రేపల్లె ఎట్లా వెళ్ళాలో తెలియదు.
5. ఈ రైల్లో రేపల్లె వెళ్ళగలడు.

మొదటి దానియందు ప్రయోజనము, రెండవ దానియందు భావార్థక నామము గలవు. మూడు, నాలుగు వాక్యములలో సమాపకక్రియతో కూడిన వాక్యమే లోపల ఇమిడియున్నది. తెలుగున ఇన్ని విధములుగా చెప్పిన దానిని ఆంగ్లము 'టు గో' అను ఒక్క రూపముతో చెప్పును. అయిదవ దానియందు మాత్రము 'కెన్ గో' అనియే అనవలెను. ఇచ్చట 'వెళ్ళ' అను అన్నంతము 'కలడు' అను క్రియను నేరుగా అంటియున్నట్లే, ఆంగ్లమునను 'గో' అనునది 'కెన్' అను దానిని నేరుగా అంటియున్నది.

అయితే ఈ పోలికకు హద్దులు గలవు. 'వెళ్ళవలెను' అను దానిని 'మస్ట్ గో' అన్నచో 'టు' రాదు. 'హావ్ టు గో' అన్నచో వచ్చును. 'వెళ్ళనిచ్చెను' అను దానికి 'లెట్' వాడినచో 'టు' రాదు. 'అలౌ' వాడినచో వచ్చును. ఇట్టి క్రియలను వేరుగా నేర్పవలసినదే.

ఈ భేదమునకు కారణము చరిత్రయందున్నది. ప్రాచీనాంగ్లమున తుమర్థకము 'డ్రింకన్' అనునట్లు 'అన్' అంతమందు గలది. మన 'అన్'తో దీని పోలిక యాదృచ్ఛికమే కాని బాంధవ్యము కాదు. చతుర్థీరూపము ధరించినపుడు దానికి ముందు 'టు' వచ్చెడిది. ప్రయోజనార్థమున అది మన 'కు' వంటిదే. కాలక్రమమున అంతములు జారిపోగా 'టు' అనునదియే తుమర్థకమునకు గుర్తుగా వ్యాపించినది. 'కెన్', 'మస్ట్' వంటి సహాయక్రియల ప్రక్కన మాత్రము 'టు' లేని ప్రాతరూపమే నిలిచినది.

కావున 'టు' అనగా 'టకు' అని వల్లె వేయించుటకు ముందు, తాను చెప్పదలచిన తెలుగు వాక్యమున ఉన్నది 'టానికి'యో, 'టం'మో, 'ఆలని'యో, 'గలడు'వో విద్యార్థిచేతనే గుర్తింపజేయుట మేలు. ఆ గుర్తింపు కలిగిన పిదప 'టు' ఎచ్చట చేర్చవలెనో, ఎచ్చట విడువవలెనో అతనికి చాలవరకు బోధపడును.