కూల్చిన ఊరికి రేపటి ఇల్లు

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో పాతకాలపు గదులకు కొదవ లేదు. ఫ్రెంచి ప్రభువుల హాళ్ళు, అమెరికా సంపన్నుల భోజనశాలలు. అప్పట్లో అచ్చం ఇలాగే ఉండేదేమోనన్న భ్రమ కలిగించడమే వాటి పని. 2021 నవంబరులో తెరిచిన ఒక గది మాత్రం ఇది ఊహించి కట్టిన ఇల్లని ముందే ఒప్పేసుకుంటుంది. నాకు ఆ నిజాయితీయే నచ్చింది.

ఎవరి ఇల్లు? సెనెకా విలేజ్ వాళ్ళది. మ్యూజియం సెంట్రల్ పార్కు తూర్పు అంచున ఉంటే, ఆ ఊరు పడమటి అంచున, 82వ వీధికీ 89వ వీధికీ మధ్య ఉండేది. 1825లో ఆండ్రూ విలియమ్స్ అనే పాతికేళ్ళ నల్లజాతి కుర్రాడు అక్కడ 125 డాలర్లకు మూడు స్థలాలు కొన్నాడు. బూట్లు పాలిష్ చేసి కూడబెట్టుకున్నవాడు. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా రద్దు కావడానికి అప్పటికింకా రెండేళ్ళుంది. నల్లవాళ్ళకు ఓటు కావాలంటే 250 డాలర్ల ఆస్తి చూపించాలి. తెల్లవాళ్ళకు ఆ షరతు లేదు. అంచేత జాగా కొనడం వెనక ఓటు లెక్క కూడా ఉండేది.

1855 నాటికి ఊళ్ళో సుమారు 225 మంది. మూడింట రెండొంతులు నల్లవాళ్ళు, మిగతావాళ్ళలో ఎక్కువమంది ఐరిష్ వాళ్ళు. మూడు చర్చిలు, ఒక బడి. ఇంతలో పార్కు కోసం భూసేకరణ వచ్చిపడింది. సొంత జాగా ఉన్నవాళ్ళను కూడా పత్రికలు ఆక్రమణదారులన్నాయి (ఈ వరస మనకూ తెలిసిందే). విలియమ్స్ 3,500 డాలర్లు అడిగితే 2,335 చేతిలో పెట్టారు. 1857కల్లా ఊరు నేలమట్టం. 2011లో తవ్వితే ఇనుప టీ కెటిల్, పసివాడి బూటు, చైనా పింగాణీ ముక్కలు బయటపడ్డాయి.

ఆ ఊరిని కూల్చకపోయి ఉంటే? ఆ కుటుంబాలు తరతరాలుగా అక్కడే ఉండి, ఇల్లు పెంచుకుంటూ, వస్తువులు చేర్చుకుంటూ పోయి ఉంటే? ఈ గది పుట్టింది ఆ ప్రశ్నలోంచే. 'బ్లాక్ పాంథర్' సినిమాలో వకాండా అనే ఊహాదేశానికి రూపమిచ్చి ఆస్కార్ అందుకున్న హానా బీచ్లర్ దీని రూపకల్పనకు సారథి. చెక్క ఇంట్లో ఇటుక పొయ్యి. దాని చుట్టూ కామెరూన్ పూసల పని, 19వ శతాబ్దపు అమెరికా పింగాణీ, నిన్న మొన్నటి కళాకారుల సృష్టి. అయిదు ముఖాల టీవీలో జెన్ న్‌కిరు తీసిన సినిమా నడుస్తుంటుంది. కాలాలన్నీ ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నాయి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది గోడ కాగితం. నైజీరియాలో పుట్టిన ఎన్జిడెకా అకున్యిలి క్రాస్బీ చేసిన ఆ కాగితంలో సెనెకా విలేజ్ పటం, నాటి నల్లజాతీయుల ముఖాలు, వాటి మధ్య బెండ మొక్క అల్లుకుని ఉంటాయి. బెండ ఆఫ్రికా నుంచి బానిసలతోపాటు సముద్రం దాటిన పంట.

నల్లవాళ్ళ గతాన్ని భవిష్యత్తుతో కలిపి ఊహించే ఇలాంటి కళకు ఆఫ్రోఫ్యూచరిజం అన్న పేరు 1993లో విమర్శకుడు మార్క్ డెరీ పెట్టాడు. జాజ్ కళాకారుడు సన్ రా సంగీతంలో ఆ ఊహ అంతకు చాలా ముందే మొదలైంది. అంతరిక్ష నౌకలే దాని గుర్తులని అనుకునేవాళ్ళు ఈ వంటిల్లు చూడాలి. 1880 నుంచీ అదే పార్కు జాగాలో ఉన్న మ్యూజియం దీన్ని కట్టించిందంటే, అది ప్రాయశ్చిత్తమో మర్యాదో తేల్చడం కష్టం.

వెళ్ళేవాళ్ళు ముందు పడమటి వైపు 81వ వీధి సబ్‌వే స్టేషన్‌లో దిగండి. ఊరున్న చోటు చూసుకుని పార్కుకు అడ్డంగా నడిస్తే అరగంటలోపే మ్యూజియం చేరొచ్చు.