డాలర్ అంచున దొరికిన నిజం

పాత అమెరికన్ నాణెం చేతికొస్తే చాలామంది ముందు బొమ్మ చూస్తారు, ఆ తర్వాత సంవత్సరం చూస్తారు. చేయి తిరిగిన పరీక్షకులు దాన్ని నిలబెట్టి అంచు కూడా చూస్తారు. ఆ అంచు మీద అక్షరాలు దిద్దిన యంత్రం కథే ఇది.

ఒకప్పుడు వెండి నాణెం విలువంటే అందులోని వెండే. దొంగలు అంచుల్ని కొద్దికొద్దిగా కత్తిరించి ఆ ముక్కలు కరిగించుకునేవారు, నాణేన్ని మాత్రం పూర్తి విలువకే చెల్లించేవారు. అంచున రాత ఉంటే కత్తెర పడిన సంగతి ఇట్టే తెలిసిపోతుంది. 17వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో జాన్ కాస్టెయింగ్ పేరుతో వాడుకలోకి వచ్చిన యంత్రం ఆ పని చేసింది. అందులో రెండు ఉక్కు పట్టీలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి కదలదు. పిడి తిప్పితే పళ్లచక్రం రెండోదాన్ని ముందుకు నెడుతుంది. రాతలో సగం ఒక పట్టీ మీద, సగం మరోదాని మీద చెక్కి ఉంటుంది. మధ్యలో పెట్టిన బిళ్ల అరచుట్టు దొర్లేసరికి చుట్టూ వాక్యం పూర్తవుతుంది. ఇంత సులువైన ఏర్పాటుతో అంత పెద్ద దొంగతనానికి అడ్డుకట్ట వేయడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

1792లో ఏర్పడిన ఫిలడెల్ఫియా టంకశాల కూడా ఈ పద్ధతినే పట్టింది. 1794 నాటి తొలి వెండి డాలర్ల అంచున ‘హండ్రెడ్ సెంట్స్ వన్ డాలర్ ఆర్ యూనిట్’ అని ఉంటుంది. ముందు అంచు రాత, తర్వాత అచ్చుల మధ్య పెట్టి ముఖాల ముద్ర: వరస అది. ముద్ర దెబ్బకు వెండి బయటికి స్వేచ్ఛగా సాగేది కాబట్టి అక్షరాలు చెదరకుండా నిలిచేవి.

1828 నుంచి ఫిలడెల్ఫియాలో కొత్త పద్ధతి మొదలైంది. బిళ్లను ఉక్కు వలయంలో బిగించి కొడితే గుండ్రటి ఆకారం, అంచు గాట్లు ముద్రతో పాటే ఒక్క దెబ్బకు వస్తాయి. 1836లో ఆవిరి ప్రెస్ వచ్చాక అర డాలర్‌కూ అంచు రాత పోయి గాట్లు వచ్చాయి.

ఈ రెండు పద్ధతులూ ఒకే నాణెం మీద కలిసిన చోటే అసలు కథ ఉంది. 1834లో అమెరికా ప్రభుత్వం మస్కట్ సుల్తాన్‌కూ సియాం రాజుకూ కానుకగా నాణేల పెట్టెలు పంపాలనుకుంది. 1804లో 19,570 డాలర్లు ముద్రించినట్టు టంకశాల లెక్కల్లో ఉంది. నిజానికి అవి పాత సంవత్సరాల అచ్చులతో కొట్టినవి. అధికారులు ఆ లెక్క నమ్మి, 1804 అని చెక్కిన కొత్త అచ్చులు చేయించారు. అంచుకు పాత యంత్రంతో రాత వేశారు, ముఖాలను మాత్రం వలయంలో బిగించి కొట్టారు. వెండి వలయానికి ఒత్తుకుని అక్షరాలు నలిగిపోయాయి. 1804లో ఆ వలయం వాడుకలోనే లేదు. ముఖం చెప్పిన సంవత్సరాన్ని అంచు కాదంది! ఎరిక్ న్యూమన్, కెన్నెత్ బ్రెసెట్ 1962లో ఈ డాలర్ చరిత్రను పుస్తకంగా తెచ్చారు. ఆ ఏడాదే సియాం రాజు పెట్టె బయటపడింది. అందులో 1804 డాలర్ పక్కన 1834 నాటి నాణేలున్నాయి. ఆ కాలంలో కొట్టిన 1804 డాలర్లు ఎనిమిదే మిగిలాయి. ఒకటి 1999లో 41 లక్షల డాలర్లకు పైగా పలికింది. తర్వాత దొంగచాటుగా కొట్టిన 1804 డాలర్లలో ఒకదానికి అంచు రాతే లేదు. అది 1857 నాటి స్విస్ నాణెం మీద కొట్టినది. ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

యంత్రం పోయినా అంచును చదివే పని ఆగలేదు. పోత పోసిన నకిలీకి తరచుగా అంచున అతుకు గీత దొరుకుతుంది. బఫెలో నికెల్ అనే పాత అమెరికన్ నాణెంతో మోసం మరీ లోతైనది. ఏ టంకశాలలో కొట్టారో చెప్పే గుర్తు లేని నాణేనికి అంచులోంచి సన్నని రంధ్రం తొలిచి, లోపలి నుంచి లోహాన్ని పైకి నొక్కి గుర్తును ఉబికిస్తారు, రంధ్రం పూడ్చేస్తారు. భూతద్దం గుర్తు మీదే నిలిస్తే అతుకు కనబడదు, ఎందుకంటే అక్కడ అతుకు లేదు.

విలియం షెల్డన్ 1949లో పెట్టిన 70 మెట్ల కొలమానం ముఖాల అరుగుదలకు అంకె ఇస్తుంది. 1986 తర్వాత ఆ అంకె వేసి నాణేన్ని ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేయడం విస్తరించింది. తొలి డబ్బాలు అంచును పూర్తిగా కప్పేసేవి. కొనేవాడి చేతిలోంచి ఒక బలమైన సాక్ష్యాన్ని అవి లాగేసుకున్నాయని నా అభిప్రాయం. అంచు కనబడేలా నాణేన్ని సన్నని కొక్కేల మీద నిలిపే డబ్బాలు ఆ తర్వాత వచ్చాయి.