పచ్చి కర్రతో తెడ్డు చెక్కుదాం

మా మనవడు తెడ్డును ‘వుడెన్ స్పూన్’ అన్నాడు. అందుకే ఈ నాలుగు మాటలు.

తెడ్డుకు ఎండు కర్ర కన్నా పచ్చి కర్ర మేలు. తడి మీద కత్తి సులువుగా దిగుతుంది. వేప లేదా మామిడి కొమ్మను నిలువునా చీల్చి, నడిబొడ్డు తీసేయాలి. అది ఉంటే ఆరేటప్పుడు పగులుతుంది. బాడిసతో ఆకారం తెచ్చాక, కత్తిని నార వెంబడే నడపాలి; ఎదురు నడిపితే పేళ్లు లేస్తాయి. కత్తికి ఎదురుగా చెయ్యి పెట్టకూడదు. గుంటను వంపు ఉలితో తొలవాలి. ఎండలో పెడితే బీటలు వారుతుంది కనుక నీడలోనే ఆరనివ్వాలి. తర్వాత నునుపు చేసి కొబ్బరినూనె పట్టించాలి.

బాడిస, ఉలి, చేవ వంటి మాటలు పనితోనే బతుకుతాయి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెక్కండి.